నేలకు జ్వరం చూసే శ్రీశైలం

కట్టంగూరు శ్రీశైలానికి ఉన్న పిచ్చి ఒక్కటే. నేలకు జ్వరం చూడటం.

మనిషికి ఒళ్లు వెచ్చబడితే చంకలో థర్మామీటరు పెడతారు. శ్రీశైలం చుట్టుపక్కల ఎక్కడ బోరు వేసినా వెళ్లి, అందులోకి తాడు కట్టి థర్మామీటరు దించుతాడు. దించి, గట్టు మీద కూర్చుని, జపం చేసుకుంటున్నవాడిలా కళ్లు మూసుకుంటాడు. కాసేపయ్యాక తాడు పైకి లాగి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, అక్కడున్న వాళ్లందరికీ వినబడేలా ఓ అంకె చెబుతాడు. ఆ అంకె ఎవరికీ అక్కరలేదు. అయినా చెబుతాడు.

బోరు బండి వచ్చిందంటే ఊరంతా అక్కడే ఉంటుంది. కొబ్బరికాయ కొట్టినవాళ్లు, అగరుబత్తి ముట్టించినవాళ్లు, ఊరికే చూద్దామని వచ్చినవాళ్లు, అందరి కళ్లూ గొట్టం పక్కనుంచి లేచే తెల్లటి దుమ్ము మీదే. దుమ్ము తడిసిందంటే నీళ్లు పడ్డట్టు. "తడిసిందా? తడిసిందా?" అని అందరూ ఊపిరి బిగబట్టి అడుగుతుంటే వెనకనుంచి శ్రీశైలం గొంతు వినిపిస్తుంది.

"జర చెయ్యి పెట్టి చూడున్రి. వెచ్చగున్నదా?"

ఆయన భార్య అండాలు ఈ గొంతు విని విని అలిసిపోయింది. పెళ్లినాటికి మొగుడికి ఏ పిచ్చీ లేదు, అది తర్వాత పట్టుకొచ్చాడు. హైవే పక్కన మోటార్ల వైండింగు షాపు. వాళ్ల నాయిన మగ్గం మీద నేసినవాడు, ఇంటినిండా నూలు కండెలు చుట్టినవాడు. కొడుకు నూలు వదిలి రాగితీగ పట్టాడు. చుట్టడం మాత్రం ఇంటి విద్యే కాబట్టి శ్రీశైలం చుట్టిన మోటారు కాలడమంటూ ఉండదని పేరు. ఇంత బుద్ధిగా ఉన్న మనిషి మణుగూరు వైపు ఓ పెళ్లికి పోయి చెడిపోయాడు.

అక్కడ బొగ్గు కోసమని వేసిన ఓ బోరులోంచి వేడినీళ్లు వాటంతటవే పైకి వస్తుంటాయి. పొయ్యి లేదు, కట్టె లేదు, మోటారు లేదు. శ్రీశైలం తెల్లారి ఆ నీళ్లతో స్నానం చేశాడు. నమ్మలేక మళ్లీ చేశాడు. ముహూర్తం వేళకు మూడోసారి చేస్తున్నాడు. ఆ పెళ్లికొడుకు పేరేమిటంటే ఇప్పటికీ చెప్పలేడు కానీ ఆ నీళ్ల వేడి ఎంతంటే పాయింటుతో సహా చెబుతాడు.

"అండాలూ, గాళ్ల కింద పొయ్యి ఉన్నదే! మన కింద ఎందుకుండది?" అన్నాడు బస్సు దిగుతూనే.

"గాళ్ల కింద బొగ్గున్నది. మన కింద బండ ఉన్నది," అంది అండాలు, సంచి చేతికిస్తూ.

"బండే కాగుతదే పిచ్చిదానా! పెనం కాగదా?"

అంతే. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పిచ్చివాళ్లెవరనే విషయం మీద వాళ్లిద్దరికీ ఏకాభిప్రాయం కుదరలేదు.

మొదట్లో ఆయన దవాఖానలో వాడే చిన్న థర్మామీటరుతో మొదలుపెట్టాడు. అది మనుషుల జ్వరానికి చేసినది. మన బోర్ల నీళ్లకు దాని పాదరసం కదలనే కదలలేదు. "భూమికి జ్వరం లేదు, మంచిగనే ఉన్నది. ఇగ ఇంటికి పా," అని అండాలు సంతోషించింది. వారంలోపు ఆయన నల్లగొండ పోయి, బడి లాబుల్లో ఉండే పొడుగాటి థర్మామీటరు కొనుక్కొచ్చాడు. దాన్ని ప్లాస్టిక్ పైపు ముక్కలో పెట్టి, పైకి తీసేలోపు వేడి దిగిపోకుండా చుట్టూ నూనె పోసి, రెండు వైపులా బిరడాలు బిగించాడు. మోపెడు నైలాన్ తాడు టీవీఎస్ బండికి ముందు చుట్ట చుట్టుకున్నాడు. ఆ చుట్ట వెనక శ్రీశైలం తల మాత్రమే కనిపించేది. పిల్లలు "జ్వరం డాక్టరొచ్చిండు" అని వెంటపడేవాళ్లు. ఆయన అదొక బిరుదు అనుకునేవాడు.

హోటల్లో చాయ్ తాగుతూ ఎవరైనా పొరపాటున అడిగితే చాలు, పాఠం మొదలయ్యేది.

"చూడున్రి. లోపలికి దిగినకొద్ది వేడి పెరుగుతది. వేడికి నీళ్లు ఆవిరైతయి. ఆవిరి చక్రం తిప్పుతది. చక్రం కరెంటిస్తది. బొగ్గు వద్దు, వాన వద్దు. దీన్నే జియోథర్మల్ అంటరు. కొన్ని దేశాలల్ల ఇండ్ల కింద పైపులేసి గా వేడినీళ్లే తిప్పుతరు. ఇల్లంత వెచ్చగుంటది."

"మామా, నల్లగొండ ఎండలకు ఇంక కిందినుంచి గూడ వేడి కావాల్నా?" అనేవాడు చాయ్ పోసే శ్రీకాంత్.

హోటలంతా గొల్లుమనేది. శ్రీశైలం కూడా నవ్వేవాడు. నవ్వి, "నీ బోరు ఎంత లోతు బిడ్డా?" అనేవాడు. ఆయనకు కోపం తెప్పించడం అంత తేలిక కాదు.

ఊళ్లో మనుషులు ఆయనకు పేర్లతో గుర్తుండరు. బోరు వేడితో గుర్తుంటారు. అండాలు వంటింట్లో ఉండగా ఎవరైనా వచ్చి పోతే, "ఎవరొచ్చిన్రయ్యా?" అని అడుగుతుంది. "ముప్పై రెండు" అంటాడు. "ముప్పై రెండంటే?" "గదే, చెరువు కింద ముప్పై రెండు. తమ్ముడు ముప్పై ఒకటిన్నర." మనుషుల ముఖాలను డిగ్రీల్లోంచి వెతుక్కోవడం పాపం అండాలుకు కూడా అలవాటైపోయింది. ఓసారి సంతలో ఒకామెను చూసి "మీరు ముప్పై మూడోళ్లు గదా?" అని నోరుజారింది.

శ్రీశైలం అన్న కూతురు సంధ్యకు సంబంధం చూడటానికి హుజూర్‌నగర్ పోయినప్పుడు అండాలు దారి పొడుగునా నేర్పించి తీసుకుపోయింది. "పిలగాడు ఏం చేస్తడు, మందు తాగుతడా, గీ రెండే అడుగు. బోరు మాట తీసినవంటే చూడు మల్ల." బుద్ధిమంతుడిలా తలూపాడు. వాళ్లింట్లో కూర్చుని, నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, గ్లాసు వంక చూసి, "నీళ్లు బోరువేనా?" అన్నాడు. అండాలు కాలు తొక్కింది. "ఎంత లోతునుంచి వస్తున్నయి?" అన్నాడు. మళ్లీ తొక్కింది. అవతల పెళ్లికొడుకు తండ్రి మొహం వెలిగిపోయింది. ఆయన జీవితంలో తన బోరు గురించి ఇంత ఆప్యాయంగా అడిగినవాళ్లు లేరట. ఇద్దరూ లేచి బోరు దగ్గరికి పోయారు. సంబంధం ఖాయమైంది. పిల్లవాడేం చేస్తాడో పెళ్లి పత్రిక చూశాకే వీళ్లకు తెలిసింది.

ఇంట్లో స్నానం సంగతి ఇంకో గోస. భూమే నీళ్లు కాచిపెడుతుంటే గ్యాసు ఎందుకు తగలేయాలని ఆయన వాదం. ఎక్కడో లోతు బోరునుంచి క్యాన్లలో నీళ్లు నింపి, దుప్పటి చుట్టి, బండి మీద ఎగిరెగిరి తెచ్చేవాడు. ఇల్లు చేరేసరికి అవి మామూలు నీళ్లయిపోయేవి. స్నానాల గది బయట నిలబడి, "వెచ్చగున్నయా?" అని అడిగేవాడు. డిసెంబరు చలిలో పళ్లు టకటక కొట్టుకుంటుండగా అండాలు "ఆఁ, కాలుతున్నయి!" అని అరిచేది. నిజం చెబితే మర్నాడు ఇంకా లోతు బోరు వెతుక్కుంటూ ఇంకా దూరం పోతాడని ఆమె భయం.

ఇక ఎండిపోయిన బోర్ల మీద ఆయన పెత్తనం చెప్పనలవి కాదు. ఎవరి బోరైనా ఎండిపోయి నోరు తెరుచుకుని ఉంటే ఊరుకోడు. "వేడంత పైకి పోతాంది! ఎవడే మూత పెట్టనిది?" అని తిట్టి, షాపునుంచి ఇనుప రేకు తెచ్చి మూత బిగించి వస్తాడు. ఎవరూ రూపాయి ఇవ్వరు, ఆయన అడగడు. రైతులు నవ్వుకుంటారు. ఆ పొలాల్లో చిన్న పిల్లలను ఆడుకోనిచ్చి కలుపు తీసుకునే తల్లులు మాత్రం ఈ విషయంలో ఆయన్ని చూసి ఎన్నడూ నవ్వలేదు.

దెబ్బలు తినే ప్రమాదం కూడా ఓసారి వచ్చింది. దశరథ అని, పత్తి వేసే రైతు. బోరు వేస్తే చివరిదాకా దుమ్మే లేచింది. బండి వెళ్లిపోయింది, జనం వెళ్లిపోయారు. దశరథ నెత్తిన చేతులు పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. శ్రీశైలం తాడు దించి, లాగి, కేక వేశాడు.

"బావా! నీ కాళ్లు మొక్కాలె! ముప్పై నాలుగు!"

"ఏంది ముప్పై నాలుగు?"

"డిగ్రీలు! మండలంల గింత వేడి బోరు ఎవనికీ లేదు. అదృష్టవంతునివి!"

దశరథ చెప్పు తీశాడు. శ్రీశైలం ఉరికాడు. తాడు ఒక కొస భుజానికి చుట్టుకుని ఉంది, రెండో కొస బోరు మూతి దగ్గరి కేసింగు గొట్టానికి మెలిపడి ఉంది. నాలుగడుగులు పోయాక తాడు వెనక్కి గుంజితే వెల్లకిలా పడ్డాడు. పడి కూడా "ముప్పై నాలుగు, అబద్ధం కాదు బావా!" అంటున్నాడు. దశరథ చెప్పు పైకెత్తి, ఆ ఆకారం చూసి, నవ్వు ఆపుకోలేక కూలబడ్డాడు. నెలరోజులు తిరక్కుండా అదే దశరథ హోటల్లో మీసం దువ్వుతూ, "మీవన్ని ముప్పై రెండు, ముప్పై మూడు. మనది ముప్పై నాలుగు!" అని పందెం వేస్తున్నాడు.

రాష్ట్రం వచ్చిన రెండో ఏడాది ఎండాకాలం సంగతి ఆ వైపు ఎవరిని అడిగినా చెబుతారు. చెరువుల్లో నెర్రెలు, బావుల్లో రాళ్లు. ఊళ్ల వెంట ట్యాంకర్లు తిరిగాయి. బత్తాయి తోటలు నిలువునా ఎండుతుంటే రైతులు చూడలేక ఆ దారి మానేశారు.

బిక్షమ్మకు ఉన్నది ఆ బత్తాయి తోట ఒక్కటే. మొగుడు పోయాక చంటిపిల్లల్లా పెంచిన చెట్లు. అంతకుముందు వేసిన బోర్లు రెండూ ఎండిపోయాయి. ఆ వేసవిలో ఆఖరి బోరు వేసింది. ఎంతకీ దుమ్మే లేస్తుంటే అందరూ ఆశ వదిలేశారు. ఇక బండి ఆపుదామనుకునే వేళ దుమ్ము రంగు మారింది. బురదైంది. నీళ్లయింది. ఒకటిన్నర ఇంచు ధార. బిక్షమ్మ పరిగెత్తి చేతులు పట్టి, ఉలిక్కిపడి వెనక్కి తీసింది.

"శ్రీశైలమన్నా! నీళ్లు కాలుతున్నయే!"

"మిషిని వేడి అమ్మా," అన్నారు బోరు బండి వాళ్లు. శ్రీశైలం మిషిను వేడి చల్లారేదాకా ఆగి, మరునాడు పొద్దున్నే తాడు దించాడు. పైకి లాగి చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. తర్వాత బోరు పక్కన బోర్లా పడుకుని కేసింగు గొట్టానికి చెంప ఆనించాడు. అండాలుకు ఎవరో కబురు చేస్తే, వడదెబ్బ తగిలిందేమోనని ఉల్లిగడ్డలు పట్టుకుని వచ్చింది.

"ముప్పై తొమ్మిదే, అండాలూ," అన్నాడు లేవకుండానే. "ముప్పై తొమ్మిది."

ఆయన కళ్లలో నీళ్లు చూసి అండాలు ఉల్లిగడ్డలు కొంగులో దాచుకుంది.

హైదరాబాదులో భూమి లోపలి వేడి మీద పరిశోధన చేసే ఆఫీసు ఒకటుంది. అందులో శ్రీవాణి మేడం అనే ఆవిడకు శ్రీశైలం కొన్నేళ్లుగా ఫోన్లు చేస్తున్నాడు. ఆవిడ ఓపికగా వినేది, "ముప్పై నాలుగు మామూలేనండీ, అంత లోతుకు అంతే ఉంటుంది" అని మర్యాదగా పెట్టేసేది. ఈసారి ముప్పై తొమ్మిది అనగానే ఫోను అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది. వచ్చే సోమవారం మిషన్లతో వస్తామంది. ఆ సాయంత్రం శ్రీశైలం ఇంట్లో అడుగు నేల మీద పెట్టలేదు.

"నిజమని తేలితే సర్వే మన ఊరినుంచే మొదలుపెడ్తరట! ఇగ కరెంటు ఎంత దూరం చెప్పు? ఒక్కటే షరతు. మోటారు దించొద్దు."

"ఎందుకు దించొద్దు?"

ఆయన చాయ్ గ్లాసు తీసి చూపించాడు. "చూడు. కదపకుంటే మీద మీది వేడి, అడుగున అడుగు వేడి, దేనిది దానికే ఉంటది. స్పూన్ పెట్టి తిప్పితే? అంత ఒక్కటైతది. ఇగ ఏం కొలుస్తవ్? నీళ్లు గుంజితే బోరు గట్లనే పాడైతది. గందుకే ఓ వైరు దించి పెడ్తరట. రెండేండ్లు ఎవ్వరు ముట్టొద్దు."

"రెండేండ్లా? మరి బిక్షమ్మ చెట్లు?"

శ్రీశైలం గ్లాసు కింద పెట్టాడు. ఆ సంగతి ఆయనకు తట్టలేదు. అబద్ధం ఎందుకు, నిజంగానే తట్టలేదు. ఇన్నేళ్ల తర్వాత చేతికొచ్చిన అంకె ముందు లోకంలో ఇంకేదీ కనబడలేదు. బిక్షమ్మ మోటారు ఆయన షాపులోనే ఉంది, కొత్త తీగ చుట్టించుకుని బిగించడానికి తయారుగా. రేపు మాపు అని ఆమె రోజూ కబురు పెడుతోంది.

మర్నాడు ఇద్దరూ బండి మీద తోటకు పోయారు. బిక్షమ్మ ట్యాంకరు నీళ్లు బిందెతో మోసి చెట్టుకింత పోస్తోంది. కొమ్మలు తల వేలాడేశాయి. అంతంత బత్తాయి పిందెలు గాలి లేకుండానే రాలి పడుతున్నాయి. శ్రీశైలం నసుగుతూ, నీళ్లు నములుతూ సంగతి చెప్పాడు. చెట్లు ఇంకెన్నాళ్లు ఆగుతాయని అడిగాడు.

"వారం ఆగితే ఎక్కువ," అంది బిక్షమ్మ. కొంగుతో మొహం తుడుచుకుని, నిండు మనసుతో నవ్వింది. "బోరు నువ్వు తీస్కో అన్నా. గట్ల నసుగుతవేంది?"

"చెట్లు?"

"మల్ల పెట్టుకుంట. నువ్వు ఎన్నేండ్ల సంది చూస్తున్నవ్ గీ వేడి కోసం! మొదటి బోరు ఎండిన దినం యాదికున్నదా? అందరు అయ్యో పాపం అని పోయిన్రు. నువ్వొక్కనివే గట్టు మీద కూసొని ముప్పై మూడనుకుంట, ఆవిరనుకుంట, చక్రమనుకుంట చీకటి పడేదాంక చెప్పినవ్. నాకు ఒక్క ముక్క సమజ్ కాలే. గని నేను అన్నం తినేదాంక నువ్వు లేవలే. గా దినం నేనేం చేసుకుందునో నాకే ఎరుక లేదన్నా. నువ్వు అడిగినంక కాదంటనా?"

ఆమె మాట్లాడుతూనే రాలిన పిందెలు ఒక్కొక్కటే ఏరి చెట్టు మొదట్లో పెడుతోంది. తిరిగి కొమ్మకు అతుక్కుంటాయన్నంత జాగ్రత్తగా పెడుతోంది. అండాలు అది చూడలేక అటు తిరిగింది.

తిరుగు దారిలో శ్రీశైలం నోరు విప్పలేదు. పెళ్లయినప్పటినుంచి బండి మీద ఆయన మాట్లాడకుండా ఇల్లు చేరడం అదే మొదటిసారి. దారిలో ఒకచోట బోరు బండి పనిచేస్తూ కనిపించింది. ఆగలేదు. అది చూసి అండాలుకు నిజంగానే భయం వేసింది. ఇంటికొచ్చాక నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఏమయ్యా, పానం మంచిగున్నదా?"

"నాకేమైంది?" అన్నాడు. అన్నం ముందు కూర్చుని సగం తిని లేచాడు.

శుక్రవారం పొద్దున్నే షాపులో చప్పుడైతే అండాలు తొంగిచూసింది. శ్రీశైలం బిక్షమ్మ మోటారును ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తున్నాడు. పైపులు, కేబులు, మూడుకాళ్ల స్టాండు అప్పటికే ఎక్కాయి.

"ఎటు?" అంది.

"తోటకు."

"మోటారు దించొద్దని గదా మేడం అన్నది?"

"అన్నది," అన్నాడు ఆమె మొహం చూడకుండా. అండాలు తలుపుకు తాళం వేసి ఆటో ఎక్కింది.

తోటలో బిక్షమ్మ అడ్డం నిలబడింది. "గిదేందన్నా? ముట్టొద్దంటివి గదా!"

శ్రీశైలం గొంతు సవరించుకున్నాడు. చాయ్ హోటల్లో పాఠం చెప్పే గొంతు పెట్టాడు. "మేడం మల్ల ఫోన్ చేసింది. గదంత పాత పద్ధతట. వేడి అడుగున పేరుకపోయిందట బిక్షమ్మా. మీద నీళ్లు అడ్డమున్నయి. మోటారు పెట్టి గుంజితేనే అసలు వేడి పైకొస్తది."

"నిజమేనా?"

"మరి! సైన్సు."

బిక్షమ్మ అండాలు వంక చూసింది. అండాలుకు చాయ్ గ్లాసు గుర్తుకొచ్చింది, స్పూను గుర్తుకొచ్చింది. నోరు తెరిచింది. శ్రీశైలం తలెత్తి ఆమె వంక చూశాడు. పెళ్లిచూపుల్లో కూడా అంత బెదురుగా చూడలేదు. అండాలు నోరు మూసుకుని, పైపు అందించింది.

మధ్యాహ్నానికి స్టార్టరు నొక్కారు. గొట్టం గురగురలాడి, దగ్గి, ఎర్రటి నీళ్లు కక్కి, తర్వాత తేటగా ధార కట్టింది. వేడికి చెట్ల వేర్లు కమిలిపోకుండా ముందు తొట్టిలో చల్లార్చి వదలమన్నాడు శ్రీశైలం. మొదటి పాదు నిండుతుంటే బిక్షమ్మ పార పట్టుకుని నీళ్ల వెంట నడిచింది. మట్టి వాసన తోటంతా లేచింది. శ్రీశైలం ధార కింద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. ఆ వెచ్చదనం ఆయన అరచేతి మీదుగా జారి బత్తాయి పాదుల్లోకి పోతోంది.

సోమవారం జీపు వచ్చింది. శ్రీవాణి మేడం దిగి, మోటారు చప్పుడు విని, గబగబా నడిచి వచ్చింది. ధార చూసి తల పట్టుకుంది.

"శ్రీశైలం గారూ! ఇదేమిటండీ? నీళ్లు కదిలించకూడదని ఎంత చెప్పాను!"

"ఆత్రం ఆగలేదు మేడం," అన్నాడు శ్రీశైలం చేతులు నలుపుకుంటూ. "గింత వేడి ఎట్లుంటదో చేతితోని చూద్దామని... నాది బుద్ధి తక్కువ పని."

"మీరేనా ఈ మాట అనేది? నీళ్లు కదిలితే ఏమవుతుందో మొన్న ఫోన్లో చాయ్ గ్లాసు ఉదాహరణ చెప్పి నాకే వివరించారు!"

శ్రీశైలం నేల చూపులు చూశాడు. ఆవిడ ఇంకేదో గట్టిగా అనబోయి చుట్టూ చూసింది. మూడు రోజుల నీళ్లకు తల ఎత్తిన కొమ్మలు, పార పట్టుకుని దూరంగా నిలబడ్డ బిక్షమ్మ, నీళ్లు ఇంకా అందని వరసల్లో వేలాడుతున్న ఆకులు. ఆవిడ కోపం ఒక్కసారి తగ్గకపోయినా గొంతు తగ్గింది. ధార కింద చెయ్యి పెట్టింది.

"నిజంగానే వెచ్చగా ఉన్నాయి," అంది. "ఈ బోరు ఇక మాకు పనికిరాదండీ. వస్తాం." జీపు ఎక్కబోతూ ఆగింది. "ఫోన్లు మాత్రం మానకండి."

జీపు దుమ్ము సర్దుకుంది. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు బిక్షమ్మ పార కింద పడేసి ముందుకొచ్చింది. దూరం నుంచైనా సగం మాటలు ఆమె చెవిన పడ్డాయి.

"అన్నా, మేడం కోపమైంది గదా? మోటారు పెట్టుమని ఆమె చెప్పలేదు గదా? నా చెట్ల కోసం నువ్వు..." ఆమె ధార వైపు చూసింది. "వద్దన్నా. ఇప్పుడే బంద్ చేస్త. ఆమెను ఎనకకు పిలువు. నీళ్లు నిలబడితే మల్ల మంచిగైతదేమో!"

అంటూనే స్టార్టరు వైపు పరుగు తీసింది. సగం తోటకు ఇంకా తడి తగలలేదు. శ్రీశైలం ఆమె వెంట నాలుగడుగులు వేసి, చెయ్యెత్తి, నోరు తెరిచి నిలబడిపోయాడు. ఇన్నేళ్లలో ఏ ప్రశ్నకూ తడుముకోని మనిషి. ఆవిరి, చక్రం, పెనం, పొయ్యి, ఒక్కటంటే ఒక్క మాట నోటికి రాలేదు.

"బిక్షమ్మా! ముట్టకు!"

కేక వేసింది అండాలు. కొంగు బిగించి స్టార్టరుకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఇప్పుడు బంద్ చేస్తవా? ఏమన్న ఎరుకేనా నీకు? సగం వేడి పైకొచ్చింది, సగం పైపుల ఉన్నది. మోటారు ఆగిందంటే గా సగం గుడ్డెద్దు లెక్క కిందికి ఉరికి బండను పలగ్గొడ్తది. బండ పలిగితే నీళ్లుంటయా? నీ బోరుండదు, చుట్టు మంది బోర్లుండయి. ఊరు ఊరంత నీ మీద వడ్తది."

బిక్షమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "గట్లనా వదినా?"

"మరెట్ల అనుకున్నవ్? గీయనతోని ఇన్నేండ్లు కాపురం చేసిన, గీ మాత్రం తెల్వదా నాకు? వానలు పడేదాంక గుంజాలె. కరెంటున్నంత సేపు గుంజాలె. చెట్టు చెట్టుకు పారియ్యాలె, ఒక్క చెట్టును ఇడిసిపెట్టినా వేడి తిరగబడ్తది. మేడంకు కోపమెందుకొచ్చిందో తెలుసా? ఇంకా ఎక్కువ ఎందుకు గుంజలేదని."

బిక్షమ్మ శ్రీశైలం వైపు తిరిగింది. "అవునా అన్నా?"

శ్రీశైలం భార్యను చూస్తున్నాడు. బడిలో మొట్టమొదటి పాఠం వింటున్న పిల్లవాడిలా చూస్తున్నాడు. ఆయనకు తేరుకోవడానికి కాస్త సమయం పట్టింది.

"అంతే," అన్నాడు. "గదే నేను చెప్పబోయేది."

బిక్షమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నమ్మిందో, నమ్మినట్టు ఉండటమే మర్యాద అనుకుందో ఆమెకే తెలియాలి. కొంగుతో కళ్లొత్తుకుని, పార తీసుకుని, నీళ్లు అందని వరస వైపు కాలువ మళ్లించడానికి పరుగెత్తింది.

ఇద్దరూ గట్టు మీద నిలబడి కాలువలో నీళ్లు మళ్లడం చూశారు.

"వేడి తిరగబడ్తదా?" అన్నాడు శ్రీశైలం మెల్లగా.

"ఆఁ."

"బండ పలుగుతదా?"

"పలుగుతది."

"నాకెన్నడు తట్టకపాయెనే."

"నీకేం తెలుసు?" అంది అండాలు, బండి వైపు నడుస్తూ. "దా, పోదాం. పొద్దుగాల నుంచి ఏం తినలేదు నువ్వు."